రెండో ఫిట్స్ మందును ఎలా పోల్చి చూడాలి: పెద్దల కోసం దశలవారీగా

"ఒక మందు వాడుతున్నా ఫిట్స్ ఆగడం లేదు, డాక్టరు గారు ఇంకొకటి కలుపుదామంటున్నారు, వీటిలో ఏది మంచిది?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ వస్తోంది. దీనికి ఒక్క మందు పేరు చెప్పి ఊరుకోవడం కుదరదు. పెద్దలకు అదనంగా ఇవ్వదగిన ఫిట్స్ మందులు డజనుకు పైగా ఉన్నాయి, కానీ వాటిని నేరుగా ఒకదానితో ఒకటి పోల్చిన అధ్యయనాలు చాలా తక్కువ. అందువల్ల అన్నిటికన్నా గొప్ప మందు కోసం వెతకకుండా, మీ ఫిట్స్ రకానికి, మీరు ఇప్పటికే మింగుతున్న మాత్రలకు, మీ ఒంటికి, మీ రోజువారీ జీవితానికి ఏది సరిపోతుందో ఒక కాగితం మీద పోల్చి చూసుకోవాలి. అది ఎలాగో ఇక్కడ వివరిస్తున్నాము.

ఈ వివరణ 18 ఏళ్లు దాటినవారికి మాత్రమే. న్యూరాలజిస్టుతో మాట్లాడడానికి మిమ్మల్ని సిద్ధం చేయడమే దీని పని. దీన్ని చదివి సొంతంగా మందు మొదలుపెట్టవద్దు, డోసు మార్చవద్దు, వాడుతున్నది ఆపవద్దు. ఫిట్ 5 నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

కావలసినవి

- ఇప్పటివరకు వాడిన ప్రతి ఫిట్స్ మందు పేరు, చేరిన గరిష్ఠ డోసు, ఎంతకాలం వాడారు, ఎందుకు ఆపారు. పాత మందుల చీటీలన్నీ వెతికి పెట్టుకోండి.
- ఫిట్స్‌కు కాకుండా వాడుతున్న ఇతర మందులన్నీ: బీపీ, షుగర్, థైరాయిడ్, క్షయ, గర్భనిరోధక మాత్రలు, మందుల షాపులో అడిగి తెచ్చుకున్నవి, ఆయుర్వేద మందులు కూడా.
- ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), ఎమ్మారై నివేదికలు; ఇటీవలి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), సోడియం, కాలేయ పరీక్షల ఫలితాలు.
- ఫిట్ వస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో ఒకటైనా.
- కనీసం 8 వారాల ఫిట్స్ లెక్క రాసిన పుస్తకం లేదా క్యాలెండరు.

1. రెండో మందు నిజంగా అవసరమా అని ముందు తేల్చుకోండి

మొదటి మందు పనిచేయలేదనడానికీ, దానికి పనిచేసే అవకాశమే ఇవ్వలేదనడానికీ మధ్య చాలా తేడా ఉంది. వారంలో రెండు మూడు పూటలు మాత్ర మరచిపోవడం, ఆరంభ డోసు దగ్గరే నెలల తరబడి ఆగిపోవడం, రాత్రి డ్యూటీల వల్ల నిద్ర చాలకపోవడం, మద్యం తాగడం, ఇవేవీ రెండో మందుతో తీరేవి కావు. కాబట్టి గత రెండు నెలల్లో వచ్చిన ప్రతి ఫిట్ పక్కన ముందురోజు మాత్రలు పూర్తిగా వేసుకున్నారా, ఎన్ని గంటలు నిద్రపోయారు అన్నవి రాయండి. ఫిట్స్‌లో ఎక్కువ భాగం మాత్ర తప్పిన రోజుల వెంటే వస్తున్నాయని కనిపిస్తే, ఆ సంగతి డాక్టరు గారికి దాచకుండా చెప్పండి.

ఇంకో రెండు సందేహాలు ఇక్కడే తీర్చుకోవాలి. అసలు అవి ఫిట్సేనా? మనసు ఒత్తిడి వల్ల ఫిట్స్‌లాగే కనిపించేవీ, గుండె లయ తప్పడం వల్ల స్పృహ తప్పేవీ ఉంటాయి, వాటికి ఎన్ని ఫిట్స్ మందులు కలిపినా ఫలితం ఉండదు. వీడియో తెమ్మన్నది ఇందుకే. రెండోది, మొదటి మందుకు ఇంకొకటి కలపాలా, లేక దాన్ని తీసేసి ఇంకొకటి పెట్టాలా? మొదటి మందు కొంతైనా పనిచేసి, ఒంటికి పడుతూ ఉంటే కలపడం న్యాయం. ఏమాత్రం పనిచేయకపోయినా, దద్దుర్లో మత్తో తెచ్చిపెడుతున్నా మార్చడమే మేలు కావచ్చు. ఈ ప్రశ్నను మీరే అడగండి, ఎందుకంటే హడావుడిగా నడిచే ఓపీలో కలపడమే సులువైన నిర్ణయం అవుతుంది.

2. ఫిట్స్ రకాన్ని రాసుకోండి

జాబితాలో సగం మందులను కొట్టివేయగలిగేది ఈ దశలోనే. మెదడులో ఒకచోట మొదలయ్యేవి ఫోకల్ ఫిట్స్: చేయి ఒకవైపే లాగడం, కడుపులోంచి ఏదో పైకి వచ్చినట్టు అనిపించడం, చూపు నిలిచిపోయి పెదవులు చప్పరించడం వంటివి. వీటికి లెవెటిరాసెటామ్, లామోట్రిజిన్, లాకోసమైడ్, ఆక్స్‌కార్బజెపైన్, ఎస్లికార్బజెపైన్, టోపిరామేట్, జోనిసమైడ్, బ్రివరాసెటామ్, పెరాంపానెల్, క్లోబజామ్, సెనోబామేట్ వంటివన్నీ పరిశీలనకు వస్తాయి.

మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యే జనరలైజ్డ్ రకంలో ఎంపిక ఇరుకు. పొద్దున్నే చేతులు ఉలిక్కిపడినట్టు ఎగరడం, చేతిలోని కప్పు జారిపోవడం మయోక్లోనిక్ ఫిట్స్ గుర్తులు. ఇవి ఉన్నవారికి కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటాయిన్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ వంటివి ఫిట్స్‌ను పెంచగలవు. కొందరిలో లామోట్రిజిన్ కూడా ఈ ఉలికిపాట్లను ఎక్కువ చేస్తుంది.

హెచ్చరిక: కుదుపుతో కింద పడే పెద్ద ఫిట్ గురించి చెప్పి, పొద్దుటి ఉలికిపాట్లను చెప్పకుండా వదిలేయడం చాలా తరచుగా జరిగే పొరపాటు. ఎవరూ అడగకపోయినా చెప్పండి.

3. మందు మొదలు కాకముందు లెక్క కట్టండి

8 వారాల పాటు ఫిట్స్‌ను రకాలవారీగా విడివిడిగా లెక్కించండి. స్పృహ ఉండగా వచ్చేవి ఒక వరుస, స్పృహ తప్పేవి ఒక వరుస, ఒళ్లంతా కొట్టుకునేవి ఒక వరుస. అన్నీ కలిపి ఒకే సంఖ్య రాస్తే, చిన్నవి తగ్గి పెద్దవి పెరిగినా ఫలితం బాగున్నట్టే కనిపిస్తుంది. ఈ 8 వారాల్లోనే కాక, గత ఏడాదిలో రెండు ఫిట్స్ మధ్య గడిచిన అత్యంత పొడవైన విరామం ఎంతో కూడా రాయండి. 8వ దశలో ఈ అంకె చాలా పనికొస్తుంది. ఫిట్స్ తరచుగా, తీవ్రంగా వస్తుంటే మాత్రం 8 వారాలు ఆగవద్దు; గుర్తున్నంత మేరకు లెక్క రాసి వెంటనే డాక్టరును కలవండి.

4. ఇప్పటి మందుతో కొత్తది ఎలా కలుస్తుందో చూడండి

మందుల పోలికలో అందరూ దాటవేసే దశ ఇదే, నిజానికి ఎక్కువ సమయం వెచ్చించవలసినదీ ఇక్కడే. ఏ రెండు మందులూ పక్కపక్కన మౌనంగా కూర్చోవు. ఒకటి రెండోదాని మోతాదును రక్తంలో పెంచవచ్చు, తగ్గించవచ్చు, లేదా ఇద్దరి దుష్ప్రభావాలూ కూడిపోవచ్చు.

మీరు వాల్‌ప్రోయేట్ వాడుతుంటే: లామోట్రిజిన్ కలపడం పేరున్న జోడీయే, కానీ వాల్‌ప్రోయేట్ దాన్ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు, రక్తంలో దాని మోతాదు సుమారు రెట్టింపవుతుంది. అందుకే ఇలాంటివారికి లామోట్రిజిన్‌ను సాధారణంగా రోజు విడిచి రోజు 25 మి.గ్రా.తో మొదలుపెడతారు. వాల్‌ప్రోయేట్ గానీ, లామోట్రిజిన్‌ను రక్తంలో తగ్గించే మందులు గానీ లేనివారికి రోజూ 25 మి.గ్రా., కార్బమజెపైన్ లేదా ఫెనిటాయిన్ వంటివి వాడుతూ వాల్‌ప్రోయేట్ లేనివారికి రోజూ 50 మి.గ్రా. ఆరంభ డోసుగా ఉంటుంది. ఒకే మందుకు మూడు ఆరంభ డోసులున్నాయి కాబట్టి, పక్కింటివారి చీటీ చూసి మీ చీటీ తప్పని అనుకోవద్దు. వేగంగా పెంచితే ప్రాణాంతకమైన చర్మపు పొక్కులు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇక వాల్‌ప్రోయేట్‌కు టోపిరామేట్ కలిపితే కొందరిలో రక్తంలో అమోనియా పెరిగి మగతగా, తికమకగా మారతారు. ఆ లక్షణం కనిపిస్తే నిద్రలేమి అని సరిపెట్టుకోవద్దు.

మీరు కార్బమజెపైన్, ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్‌లలో ఏదైనా వాడుతుంటే: ఇవి కాలేయంలోని ఎంజైములను ఉత్తేజపరచి లామోట్రిజిన్, టోపిరామేట్, జోనిసమైడ్ వంటివాటి మోతాదును రక్తంలో తగ్గిస్తాయి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్ పెరాంపానెల్‌ను కూడా బాగా తగ్గిస్తాయి. కొత్త మందు మామూలు డోసులో పనిచేయలేదని తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గర్భనిరోధక మాత్రల శక్తిని కూడా ఇవి తగ్గిస్తాయి.

సోడియం మార్గాల (నరాల కణాల్లోకి సోడియం వెళ్లే దారుల) మీద పనిచేసే రెండు మందులు కలిస్తే: కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, లాకోసమైడ్ ఈ కుటుంబానివి. వీటిలో రెండింటిని జతచేస్తే తలతిరుగుడు, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం ఎక్కువవుతాయి. జత చేయకూడదని కాదు. పాత మందు డోసు కొంచెం తగ్గిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. ఈ ఉపాయం తెలియక, పనిచేస్తున్న కొత్త మందునే ఆపేసేవారు చాలామంది.

లెవెటిరాసెటామ్‌కు బ్రివరాసెటామ్ కలపడం వల్ల అదనపు లాభం కనిపించలేదు. రెండూ మెదడులో పట్టుకునే చోటు ఒకటే. లెవెటిరాసెటామ్ వల్ల కోపం పెరిగినవారికి దాని స్థానంలో బ్రివరాసెటామ్ పెట్టి చూడడం మాత్రం మంచి ప్రత్యామ్నాయం. క్లోబజామ్ వాడుతూ సెనోబామేట్ మొదలుపెడితే క్లోబజామ్ నుంచి ఏర్పడే పదార్థం రక్తంలో పెరిగి మత్తు ముంచుకొస్తుంది, కాబట్టి క్లోబజామ్ తగ్గించవలసి రావచ్చు.

ఫిట్స్‌వి కాని మందులనూ ఇదే కాగితం మీద రాయండి. క్షయకు వాడే రిఫాంపిసిన్ అనేక ఫిట్స్ మందులను తగ్గిస్తే, దాని తోడుగా ఇచ్చే ఐసోనియాజిడ్ ఫెనిటాయిన్‌నూ కార్బమజెపైన్‌నూ పెంచుతుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ యాంటీబయాటిక్స్ కార్బమజెపైన్‌ను విషస్థాయికి చేర్చగలవు. వాల్‌ప్రోయేట్ వాడేవారు ఆసుపత్రిలో చేరితే ఆ సంగతి మొదటి గంటలోనే చెప్పాలి, ఎందుకంటే మెరోపెనమ్ ఇంజెక్షన్ వాల్‌ప్రోయేట్‌ను రక్తంలో ఒక్కసారిగా పడగొడుతుంది.

5. మీ ఒంటికి, జీవితానికి సరిపోనివాటిని కొట్టివేయండి

గతంలో డిప్రెషన్, తీవ్రమైన కోపం, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నవారు లెవెటిరాసెటామ్, పెరాంపానెల్‌ల విషయంలో ముందుగానే డాక్టరు గారికి చెప్పాలి. ఈ రెండూ స్వభావాన్ని మార్చగలవు, ఆ మార్పును రోగి కన్నా ఇంట్లోవాళ్లే ముందు గమనిస్తారు.

కిడ్నీలో రాళ్లు వచ్చినవారికి టోపిరామేట్, జోనిసమైడ్ మంచి ఎంపికలు కావు. ఈ రెండూ చెమటను కూడా తగ్గిస్తాయి కాబట్టి, రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల ఎండలో ఆరుబయట పనిచేసేవారు ఈ సంగతి తప్పక అడగాలి. టోపిరామేట్ బరువును తగ్గిస్తుంది, అది కొందరికి వరమే. అయితే మాటలు తడుముకోవడం తెస్తుంది, మాటే జీవనాధారమైన ఉపాధ్యాయులకు, న్యాయవాదులకు అది చిన్న ఇబ్బంది కాదు. వాల్‌ప్రోయేట్, ప్రిగాబాలిన్, పెరాంపానెల్ బరువు పెంచవచ్చు.

గుండె లయలో అడ్డంకులు ఉన్నవారికి లాకోసమైడ్‌కు ముందు ఈసీజీ కావాలి. వయసు పైబడి, బీపీకి నీరు తీసే మాత్రలు వాడేవారికి ఆక్స్‌కార్బజెపైన్, ఎస్లికార్బజెపైన్ సోడియంను ప్రమాదకరంగా తగ్గించవచ్చు. కిడ్నీ పని మందగించినవారికి లెవెటిరాసెటామ్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ డోసు తగ్గించి ఇస్తారు. క్లోబజామ్ చవక, త్వరగా పనిచేస్తుంది; అయితే కొందరిలో నెలలు గడిచేకొద్దీ ప్రభావం సన్నగిల్లుతుంది, పైగా హఠాత్తుగా ఆపితే ఫిట్స్ తిరగబడతాయి.

గర్భం రాగల వయసులోని స్త్రీలకు ఇది వేరే పట్టిక. వాల్‌ప్రోయేట్ వాడిన తల్లులకు పుట్టినవారిలో సుమారు 10 శాతం మందిలో పెద్ద అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందిలో ఎదుగుదల, నేర్చుకోవడానికి సంబంధించిన సమస్యలు కనిపించాయి. టోపిరామేట్‌కూ గర్భస్థ శిశువు విషయంలో ప్రమాదం ఉంది. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్‌లకు ఈ ప్రమాదం తక్కువని ఎక్కువ సమాచారం ఉంది. పెళ్లి కుదిరిన తరువాతో, గర్భం వచ్చిన తరువాతో ఈ మాట ఎత్తడం ఆలస్యమే. ఇప్పటికే వాల్‌ప్రోయేట్ వాడుతూ గర్భం వస్తే, భయపడి ఆ పూటే ఆపేయవద్దు. అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్‌ను దాదాపు సగానికి తగ్గిస్తాయని కూడా గుర్తుంచుకోండి.

6. అధ్యయనాల అంకెలను ఇలా చదవండి

సెనోబామేట్ ఉదాహరణ తీసుకుందాం. ఫోకల్ ఫిట్స్ అదుపులోకి రాని 437 మంది పెద్దలతో చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. 8 వారాలు లెక్క రాయించి, 6 వారాల్లో డోసు పెంచి, 12 వారాలు అదే డోసు కొనసాగించారు. ఫిట్స్ సగమో అంతకన్నా ఎక్కువో తగ్గినవారు 400 మి.గ్రా. డోసులో 64 శాతం. ఇక్కడితో ఆగితే అద్భుతంగా కనిపిస్తుంది. కానీ మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవారిలోనూ 25 శాతం మందికి అంతే తగ్గాయి. మందు వల్ల వచ్చిన అసలు లాభం ఆ రెండింటి తేడా, అంటే 39 శాతం.

తరువాత, ఫిట్స్ పూర్తిగా ఆగినవారెందరో చూడండి. ఆ 12 వారాల్లో 400 మి.గ్రా.తో 21 శాతం మందికి, 200 మి.గ్రా.తో 11 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రతో 1 శాతం మందికి ఆగాయి. నా దృష్టిలో ఈ రెండో అంకెకే ఎక్కువ విలువ ఇవ్వాలి. నెలకు 8 ఫిట్స్ 4కు తగ్గినా బండి నడపలేరు, ఒంటరిగా చెరువులో దిగలేరు. అయినా అధ్యయనంలో అది విజయంగానే లెక్కకు వస్తుంది. 12 వారాలు ఆగడం శాశ్వతంగా ఆగడం కాదన్నదీ మరువకూడదు.

మూడోది ప్రమాదం. ఈ మందును వేగంగా పెంచిన తొలి అధ్యయనాల్లో జ్వరం, దద్దుర్లు, అవయవాల వాపుతో కూడిన తీవ్రమైన అలెర్జీ ముగ్గురికి వచ్చింది, వారిలో ఒకరు మరణించారు. 12.5 మి.గ్రా.తో మొదలుపెట్టి రెండు వారాలకొకసారి పెంచిన 1,339 మందిలో అది ఒక్కరికీ రాలేదు. మందు మారలేదు, పెంచిన వేగం మారింది.

హెచ్చరిక: ఈ 64 శాతాన్ని ఇంకో మందు అధ్యయనంలోని 45 శాతంతో పక్కపక్కన పెట్టి గెలుపోటములు ప్రకటించవద్దు. వేర్వేరు అధ్యయనాల్లో రోగులు వేరు, కాలం వేరు, ఉత్తుత్తి మాత్రకు వచ్చిన స్పందనా వేరు. పైగా వీటిలో చాలావరకు డోసును గట్టిగా పెంచి చేసినవి. మీకు అంత డోసు అవసరం కాకపోవచ్చు, దుష్ప్రభావాలూ అంత రాకపోవచ్చు.

7. మిగిలిన రెండు మూడింటిని ఒక పట్టికలో పెట్టండి

అడ్డంగా మందుల పేర్లు, నిలువుగా ఈ ప్రశ్నలు: నా ఫిట్స్ రకానికి పనికొస్తుందా, ఇప్పటి మందుతో గొడవ ఉందా, నాకు ప్రత్యేకంగా వర్తించే ప్రమాదం ఏది, సరైన డోసు చేరడానికి ఎన్ని వారాలు, రోజుకు ఎన్నిసార్లు, నెలకు ఖర్చు ఎంత, మా ఊళ్లో క్రమం తప్పకుండా దొరుకుతుందా. చివరి రెండు ప్రశ్నలను చిన్నచూపు చూడకండి. నాలుగో నెలలో కొనలేని మందు ఎంత గొప్పదైనా ఫిట్స్ మీద పనిచేయదు. కొన్ని ఫిట్స్ మందులు జన ఔషధి కేంద్రాల్లో చవకగా దొరుకుతాయి, అడగండి. ఏ కంపెనీ మందుతో మొదలుపెడితే వీలైనంతవరకు దానితోనే కొనసాగండి.

ఫిట్స్ విపరీతంగా వస్తూ త్వరగా ఫలితం కావాలంటే నెమ్మదిగా పెంచవలసిన లామోట్రిజిన్, సెనోబామేట్‌ల కన్నా లెవెటిరాసెటామ్, బ్రివరాసెటామ్, లాకోసమైడ్, క్లోబజామ్ వంటివి అనువు. తొందర లేకపోతే ఈ తేడాకు పెద్ద ప్రాముఖ్యం లేదు.

8. మొదలుపెట్టాక ఫలితం సరిచూడండి

డోసు పెంచే తేదీలను క్యాలెండరులో ముందే రాసుకోండి. ఒకేసారి ఒకే మార్పు జరగాలి. కొత్తది పెంచుతూ, పాతది తగ్గిస్తూ, మధ్యలో ఉపవాసాలు కూడా చేస్తే దేని ఫలితం ఏదో ఎవరూ చెప్పలేరు. లెక్క కట్టడం నిర్ణీత డోసు చేరిన రోజు నుంచే మొదలుపెట్టి, మళ్లీ 8 వారాలు, అవే మూడు వరుసల్లో రాయండి.

ఫిట్స్ పూర్తిగా ఆగితే సంతోషమే, కానీ అది మందు వల్లనో, మామూలుగా వచ్చే విరామమో తేలాలి. అందుకు 3వ దశలో రాసుకున్న అత్యంత పొడవైన విరామాన్ని మూడుతో గుణించండి. మందుకు ముందు గరిష్ఠంగా 5 నెలల విరామం వచ్చినవారు 15 నెలలు ఫిట్ లేకుండా గడిపితేనే ఫలితం ఖాయమని అంతర్జాతీయ మూర్ఛ సంఘం ప్రమాణం చెబుతుంది. గుణించగా వచ్చినది 12 నెలల కన్నా తక్కువైతే 12 నెలలే లెక్క.

ఫిట్స్ లెక్క పక్కనే మత్తు, తూలడం, కోపం, ఆకలి, నిద్రలను వారానికొకసారి రాయండి, కోపం వరుసను మాత్రం ఇంట్లో ఇంకొకరితో రాయించండి. దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, ఆత్మహత్య ఆలోచనలు, కంటిలో హఠాత్తుగా నొప్పితో చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా తరువాతి అపాయింటుమెంటు దాకా ఆగకుండా అదే రోజు డాక్టరును సంప్రదించండి.

తరచుగా జరిగే పొరపాట్లు

రెండు వారాలకే పనిచేయలేదని వదిలేయడం. ఫిట్స్ తగ్గాయని పాత మందును సొంతంగా ఆపడం. లామోట్రిజిన్‌ను కొన్ని రోజులు వరసగా మానేసి మళ్లీ పూర్తి డోసుతో మొదలుపెట్టడం. ఇలా జరిగితే డాక్టరును అడిగి మొదటినుంచి పెంచుకుంటూ రావలసి ఉంటుంది. మందుల షాపులో పేర్లు తారుమారు కావడం. లామోట్రిజిన్‌కు బదులు హెచ్ఐవీ మందైన లామివుడిన్ చేతికొచ్చిన సందర్భాలు ప్రపంచమంతటా నమోదయ్యాయి, కాబట్టి స్ట్రిప్ మీది పేరును చీటీతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఫెనిటాయిన్ డోసును "కొంచెమే కదా" అని పెంచుకోవడం. ఒక స్థాయి దాటాక చిన్న పెంపుకే అది రక్తంలో అమాంతం ఎగబాకుతుంది.

9. ఇదీ పనిచేయకపోతే

సరైనవిగా ఎంచుకుని, సరైన డోసులో వాడిన రెండు మందులతో ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారని అంతర్జాతీయ మూర్ఛ సంఘం 2010లో నిర్వచించింది. ఆ స్థితిలో మూడో మందు, నాలుగో మందు పోల్చుకుంటూ ఏళ్లు గడపడం కన్నా శస్త్రచికిత్సకు అర్హత ఉందేమో పరీక్షించమని అడగడం తెలివైన పని, ముఖ్యంగా ఎమ్మారైలో ఒకచోట మచ్చ కనిపించినవారికి. హైదరాబాదులోని నిమ్స్, తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ, బెంగళూరులోని నిమ్‌హాన్స్ వంటిచోట్ల వీడియో ఈఈజీతో ఈ పరిశీలన జరుగుతుంది. వెళ్లేటప్పుడు పైన తయారుచేసిన పట్టికను, ఫిట్స్ లెక్కను, వాడిన మందుల జాబితాను, ఫోన్ వీడియోను వెంట తీసుకెళ్లండి. అక్కడ మొదట అడిగేవి ఇవే.